ఒకదానితో నొకటి కూడు భాగముల పేళ్లు

యంత్రభాగముల పేళ్ల ననువదించువాఁడు నిఘంటువును మాత్రమే నమ్మరాదు. నట్టుతో బిగియు బోల్టునకును, తానే కొయ్యలోనికి దిగు స్క్రూనకును ఇంగ్లీషులో వేర్వేఱు పేళ్లు. పోర్చుగీసున సామాన్యముగా రెండును ‘పరఫూజు’లే. నట్టు వారికి ‘పోర్క’. ఆ మాటకు ఆఁడుపంది యనియు నర్థము! ఇంగ్లీషు ‘నట్టు’నకు గట్టిపెంకు కాయ యను నర్థ ముండఁగా మనము నవ్వనేల?

కావున ‘పరఫూజు’ కనఁబడినపుడు దాని జోడును వెదకవలెను. పోర్కతోఁ గూడినచోఁ బ్రాయికముగా బోల్టు. కొయ్యను గఱచునదైనచో స్క్రూ. పోర్చుగీసులోనికి మార్చునపుడు ‘పోర్కతోడి పరఫూజు’ అని విశదీకరించుట మేలు. ఉపేక్షించినచో బోల్టులు కోరిన చోటికి స్క్రూలు చేరును, వంతెనపని నిలిచిపోవును.

బిగించు పనిముట్టునందును జాగ్రత్త వలయును. ‘షావి’ తాళపుచెవియు నగును, పానాయు నగును. మన ‘మేస్త్రీ’ శబ్దము ఆ భాషనుండి వచ్చినదే. పానా యడిగిన మేస్త్రీకిఁ దాళపుచెవి నిచ్చిన నూరకుండునా?