రంగుల చూచివ్రాత

పిల్లలూ! పై వరుసలోని గుండ్రని అక్షరాలను చూస్తూ కింది వరుసలన్నీ నింపడం మీకు అలవాటే గదా? చిత్రకళలోనూ ఇలాంటి చూచివ్రాత ఉన్నది. పారిస్ నగరంలోని లూవ్ర్ ప్రదర్శనశాలను 1793లో తెరిచారు. ఆనాటి నుంచీ చిత్రకారులు అక్కడ కూర్చుని పాత చిత్రాలకు నకళ్లు వేయడం ఆచారం. కాని నకలు అసలు చిత్రమంత కొలతతో ఉండకూడదని నిబంధన. ఎందుకో మీరే ఆలోచించండి.

తైలవర్ణాలతో మనిషి ముఖం వేయడం నేర్చుకోవాలంటే చూచివ్రాతకు ఒక చిత్రం చెబుతాను. 1909లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, యావ్లెన్‌స్కీ అనే రష్యా దేశపు చిత్రకారుడు తన మిత్రుడైన సఖరోవ్ అనే నర్తకుడి బొమ్మ వేశాడు. నర్తకుడు ప్రదర్శనకని వేషం వేసుకుని, ముఖానికి తెల్లరంగు పూసుకుని వచ్చాడు. చిత్రకారుడు అప్పటికప్పుడు అట్ట మీద బొమ్మ పూర్తి చేశాడు. మళ్లీ దిద్దుతూ కూర్చుంటాడేమోనని భయపడి, రంగు ఆరక ముందే నర్తకుడు దాన్ని పట్టుకుపోయాడట! ఇప్పుడది మ్యూనిక్‌లోనే లెన్‌బాఖ్‌హౌస్ ప్రదర్శనశాలలో ఉన్నది.

కంటికి కనబడే రూపం కన్న మనసుకు తోచిన భావమే ముఖ్యమనుకున్న ఇటువంటి చిత్రకారులను ఎక్స్‌ప్రెషనిస్టులు అంటారు. ఆ బొమ్మలో ఎర్రని దుస్తులు, నల్లని జుట్టు, సున్నం కొట్టినట్టున్న ముఖం, ముదురు గీతలు. రంగులు కొద్ది, ముక్కలు పెద్దవి. అందుకే కొత్తవారికి పనికివస్తుంది. అయితే ఆ ముఖం ఉత్త తెలుపు కాదు. ఒక తెల్లని అట్టలో గోరంత చిల్లు చేసి, అచ్చుబొమ్మ మీద జరుపుతూ చూడండి. మనం తెలుపనుకున్న చోట ఎన్ని రంగులో తెలిసిపోతుంది! చెయ్యి కన్న ముందు కన్ను నేర్చుకోవాలి.

ఇక రంగు సంగతి. నీటిరంగు నీరు ఆవిరైపోగానే ఆరుతుంది. తైలవర్ణంలో ఉండే అవిసె నూనె ఆవిరి కాదు; గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. దానికి రోజులు పడుతుంది. అందుచేత మొదటి పూతను టర్పెంటైన్‌తో పలచగా వేసి, నూనె ఎక్కువున్న రంగును పైన వేయాలి. తిరగవేస్తే, పై పొర ముందు ఆరి, అడుగుది తరువాత కదిలి, బొమ్మ బీటలు వారుతుంది.

తలిదండ్రులకు ఒక్క మాట. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి, దీపాలు, పొయ్యి దూరంగా ఉంచండి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పారేస్తే, ప్రాణవాయువును పీల్చుకునే వేడికి వాటంతట అవే అంటుకోవచ్చు. నీళ్లలో తడిపి ఉంచండి. నకలు చూసి మురిసిపోయి చుట్టాలందరికీ చూపించే బదులు, “ఈ రంగు ఇక్కడ ఎందుకు వేశావు?” అని అడగండి. పిల్లవాడు తడుముకుంటే మరొకసారి అసలు బొమ్మ దగ్గరికి పోతాడు.

నకలు అడుగున “యావ్లెన్‌స్కీ చిత్రానికి నకలు” అని వ్రాసి, మీ పేరూ, తేదీ వేయండి. తరువాత అచ్చుబొమ్మను దాచేసి, మామ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, అవే నాలుగైదు రంగులతో ఆవిడ బొమ్మ మొదలు పెట్టండి.