కొమ్ముల కుందేలు: వదంతికీ వాస్తవానికీ నడుమ

తెలుగులో 'కుందేటి కొమ్ము' అన్న మాట అసంభవానికి మారుపేరు. అయితే 2025 ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నుండి కొన్ని ఛాయాచిత్రాలు లోకమంతటా వ్యాపించాయి. ఫోర్ట్ కాలిన్స్ పట్టణ పరిసరాలలో సంచరించే అడవి కుందేళ్ళ ముఖాలపైన, నోటి చుట్టూ నల్లని కొమ్ముల వంటివి, ముళ్ళ వంటివి మొలిచి ఉన్నాయి. కొన్ని పత్రికలు వాటిని దయ్యపు కుందేళ్ళని వర్ణించాయి. ఇటువంటి చిత్రం ఏదైనా ఫోనులోకి వచ్చిన వెంటనే, ఇది దైవశాపమనో, ప్రళయ సూచన అనో ఒక వ్యాఖ్య జోడించి నలుగురికీ పంపడం మన ఇళ్ళలోనూ అలవాటైపోయింది.

విశ్వాసి మార్గం ఇది కాదు. ఏదైనా వార్త వచ్చినప్పుడు నిజానిజాలు విచారించి తెలుసుకోవాలని దివ్యఖుర్‌ఆన్ అల్‌ హుజురాత్ సూరాలోని 6వ ఆయతు ఆదేశిస్తున్నది. తెలియని విషయం వెంట పడరాదనీ, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందనీ బనీ ఇస్రాయీల్ సూరాలోని 36వ ఆయతు హెచ్చరిస్తున్నది. కనుక ఆ కుందేళ్ళ సంగతి ఏమిటో విచారించి చూద్దాం.

అసలు కారణం

అవి నిజమైన కొమ్ములు కావు. ఎద్దు కొమ్ములో ఉండే ఎముక వాటిలో ఉండదు. ఒక వైరస్ చర్మకణాలలో ప్రవేశించి వాటిని అదుపు తప్పి పెరిగేలా చేస్తుంది. అలా పుట్టిన పులిపిరులు గట్టిపడి, పొడవుగా సాగి కొమ్ములను తలపిస్తాయి. మన గోళ్ళలో, వెంట్రుకలలో ఉండే కెరాటిన్ అనే పదార్థమే వాటిలోనూ ఉంటుంది. దోమలు, గోమార్లు, ఈగజాతి కీటకాల వంటి రక్తం పీల్చే పురుగులు ఈ వైరస్‌ను ఒక కుందేలు నుండి మరొక కుందేలుకు చేరవేస్తాయి. అందువల్లనే వేసవి నెలలలో వ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ఇది మనుషులకు గానీ, కుక్కలకు, పిల్లులకు గానీ సోకదు.

చాలా కుందేళ్ళు తమ శరీరంలోని రోగనిరోధక శక్తితోనే క్రమంగా కోలుకుంటాయి. నోటి వద్ద, కళ్ళ వద్ద పెరిగినప్పుడు మాత్రం మేత మేయలేక, దారి కనబడక అవి కృశించిపోతాయి. కొన్నిటిలో ఆ పులిపిరులే క్యాన్సర్‌గా మారుతాయి.

ఈ సంగతిని బయటపెట్టిన శాస్త్రవేత్త రిచర్డ్ షోప్. కొమ్ములున్న కుందేళ్ళ గురించి వేటగాళ్ళు చెప్పిన మాటలను ఆయన కట్టుకథలని కొట్టివేయలేదు, విన్నంత మాత్రాన నమ్మనూ లేదు. ఆ పెరుగుదలలను తెప్పించి, నూరి, సూక్ష్మక్రిములు కూడా దూరలేని వడపోత గుండా ఆ ద్రవాన్ని పంపాడు. దానిని ఆరోగ్యంగా ఉన్న కుందేళ్ళ చర్మంపై గీరి రాయగా, వాటికీ అవే పులిపిరులు వచ్చాయి. కారణం వైరస్ అని ఆ విధంగా తేలింది. 1933లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు. నేటికీ ఆ వైరస్ ఆయన పేరుతోనే ప్రసిద్ధం.

పాత గ్రంథాలలో

కొమ్ముల కుందేలు ప్రస్తావన పాతదే. హిజ్రీ ఏడవ శతాబ్దపు పండితుడు జకరియ్యా అల్‌ ఖజ్వీనీ (మరణం క్రీ.శ. 1283) సృష్టి వింతలపై రచించిన ప్రసిద్ధ గ్రంథంలో, హిందూ మహాసముద్రపు ఒక ద్వీపంలో నల్లని ఒంటి కొమ్ముగల పసుపుపచ్చ కుందేలు ఉన్నదని పేర్కొన్నాడు. యూరప్‌లో 16వ శతాబ్దపు చిత్రకారులు కొమ్ముల కుందేళ్ళను బొమ్మలుగా గీశారు. ఇటువంటి వ్యాధిగ్రస్త జంతువులను చూసినవారి మాటలే ఆ చిత్రాలకు మూలం కావచ్చునని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

ఇతర వైకల్యాలు

కుందేళ్ళలో కనిపించే వికారాలన్నిటికీ కారణం ఒకటే కాదు. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గట్టి మేత నమలడం వల్ల అరుగుతూ ఉంటాయి. పై పళ్ళు, కింది పళ్ళు సరిగా కలవకపోతే అవి దంతాల వలె వంకర తిరిగి బయటికి పొడుచుకు వస్తాయి. కొన్నిటి చర్మం కింద బద్దెపురుగు పిల్లలున్న నీటి తిత్తులు గడ్డలుగా కనిపిస్తాయి.

మిక్సోమటోసిస్ అనే మరో వైరస్ వ్యాధిలో కళ్ళు, తల వాచిపోతాయి. ఆస్ట్రేలియాలో కుందేళ్ళ సంఖ్యను తగ్గించడానికి 1950లో మనుషులే ఆ వైరస్‌ను వాటి మీదికి వదిలారు. కోట్లాది కుందేళ్ళు బాధపడి చనిపోయాయి. కాబట్టి వికృతంగా కనిపించే ప్రాణిని చూసి శాపమనే ముందు, దాని బాధలో మనిషి చేతి పాత్ర ఎంతో కూడా ఆలోచించవలసి ఉంటుంది.

శకునం కాదు, శాపం కాదు

దైవప్రవక్త (సఅసం) కుమారుడు ఇబ్రాహీం (రజి) మరణించిన రోజున సూర్యగ్రహణం సంభవించింది. ఆ మరణం వల్లనే గ్రహణం పట్టిందని ప్రజలు అనుకున్నారు. సూర్యచంద్రులు ఎవరి చావుపుట్టుకల కోసమూ గ్రహణానికి గురికావని ఆయన (సఅసం) వెంటనే సరిదిద్దారు. తమ సొంత ఇంటి దుఃఖాన్ని కూడా మూఢనమ్మకానికి ఆధారం కానివ్వలేదు. రూపం మార్చబడి శిక్షకు గురైన జాతులకు అల్లాహ్ సంతానాన్ని ఉంచలేదని సహీహ్ ముస్లింలోని హదీసు తెలుపుతున్నది. కనుక నేడు మన కళ్ళ ముందున్న కుందేలు ఏ శాపగ్రస్తుని వంశమూ కాదు.

కుందేలు మాంసం ధర్మసమ్మతమేనని ధర్మవేత్తలలో అత్యధికులు పేర్కొన్నారు. హజ్రత్ అనస్ (రజి) పట్టి తెచ్చిన కుందేలు మాంసాన్ని దైవప్రవక్త (సఅసం) స్వీకరించారు. అయితే ధర్మసమ్మతమైనది పరిశుద్ధంగా, హాని లేనిదిగానూ ఉండాలి. రోగంతో ఉన్న జంతువును తినరాదు. మన దేశంలో అడవి కుందేలును, అంటే పల్లెల్లో చెవులపిల్లి అనే జంతువును, వేటాడటం చట్టరీత్యా నేరమన్న సంగతి కూడా మరువరాదు.

ఆ పరిశోధన మన ఇళ్ళకు తెచ్చిన మేలు

షోప్ ఆ వైరస్‌ను పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్తకు అప్పగించాడు. కుందేళ్ళలో ఆ పులిపిరులు క్యాన్సర్‌గా మారడాన్ని రౌస్ బృందం నిరూపించింది. వైరస్ వల్ల క్యాన్సర్ రావచ్చునన్న ఆలోచన ఇటువంటి పరిశోధనల వల్లనే బలపడింది. ఆ తరువాత జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హాసెన్, అదే కుటుంబానికి చెందినదైనా మనుషులకు మాత్రమే సోకే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తున్నదని కనుగొన్నాడు. ఇందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 2006 నుండి దానికి టీకా అందుబాటులో ఉన్నది. 2023లో మన దేశంలో తయారైన టీకా కూడా విడుదలైంది.

భారతదేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరువాతి స్థానం దీనిదే. 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ టీకా వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఈ వైరస్ ప్రధానంగా శారీరక సంబంధం ద్వారా సోకుతుంది కనుక, మా అమ్మాయి శీలవతి, ఆమెకు ఇది ఎందుకని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. టీకా వేయించడం బిడ్డ శీలంపై అనుమానం కానే కాదు. పరిశుద్ధంగా జీవించిన స్త్రీకి కూడా భర్త ద్వారా ఈ వైరస్ సోకవచ్చు. పైగా అతనిలో ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. టీకా వైరస్ సోకక ముందే వేయించుకుంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. ముప్ఫై ఏళ్ళు దాటిన స్త్రీలు సిగ్గుపడి దాచుకోకుండా వైద్యురాలిని సంప్రదించి తగిన పరీక్ష చేయించుకోవాలి.

అల్లాహ్ ప్రతి వ్యాధికీ చికిత్సను అవతరింపజేశాడని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. దానిని వెదకడం, అందినప్పుడు ఉపయోగించుకోవడం మన బాధ్యత. తవక్కుల్ అంటే ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయడమని పెద్దలు మనకు నేర్పారు. ఈ మాసం ఇంట్లో ఆడపిల్లల తల్లులు, తండ్రులు కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవాలి. దగ్గరలోని వైద్యుల సలహా తీసుకోవాలి. అల్లాహ్ మనకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మన ఇళ్ళకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.