అసూయ చుట్టూ తిరిగే తెలుగు కథలు

తెలుగువారు చెప్పుకునే పురాణగాథల్లోనూ జానపద కథల్లోనూ అసూయ ఎక్కడో దూరాన ఉన్న శత్రువుకు పుట్టదు. అక్కాచెల్లెళ్ల మధ్య, తోడికోడళ్ల మధ్య, వదినామరదళ్ల మధ్య, దాయాదుల మధ్య పుడుతుంది. ఒకే గడపలో మసలేవారికే ఒకరి భాగ్యం మరొకరి కంట్లో పడుతుంది. ఆ మంటలో కాలేది మాత్రం చాలాసార్లు పిల్లల తరం.

ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ కద్రూ వినతల కథ. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో ఇది వస్తుంది. ఇద్దరూ అక్కాచెల్లెళ్లు, ఇద్దరూ కశ్యపుని భార్యలు. కద్రువ వేయిమంది కొడుకులను కోరుకుంటే, వినత వారికంటే బలవంతులైన ఇద్దరు చాలంది. ఐదువందల ఏళ్లకు కద్రువ గుడ్లు పగిలి పాములు పుట్టాయి. వినత గుడ్లలో కదలికే లేదు. సవతి సంతానాన్ని చూసి ఓర్చుకోలేక ఆమె ఒక గుడ్డును చిదిపింది. అందులోంచి తొడలు లేని అనూరుడు బయటికి వచ్చాడు. ఎవరిని చూసి ఓర్వలేకపోయావో ఆమెకే దాసివి కమ్మని తల్లిని శపించాడు. కద్రువను దుర్మార్గురాలిగా, వినతను అమాయకురాలిగా గుర్తుపెట్టుకునే పాఠకులు ఈ ఘట్టాన్ని తరచు మరిచిపోతారు. కథలో మొదట ఓర్వలేకపోయింది వినతే.

తర్వాత కద్రువ వంతు వచ్చింది. ఉచ్చైశ్రవమనే దేవతాశ్వం తోక నల్లగా ఉందని వినతతో పందెం కాసి, ఆ తోకను పట్టుకుని వేలాడమని కొడుకులను ఆజ్ఞాపించింది. ఒప్పుకోనివారిని జనమేజయుని సర్పయాగంలో చావమని శపించింది. కొడుకుల్లో కర్కోటకుడు తల్లి మాట విన్నాడు, వినత దాసి అయింది. ఆ చెర విడిపించడానికే ఆమె రెండో కొడుకు గరుత్మంతుడు అమృతం తేవలసి వచ్చింది. వైశంపాయనుడు జనమేజయునికి భారతం వినిపించింది ఆ సర్పయాగం సందర్భంలోనే. భారతకథ లోకానికి అందిన సందర్భానికే అసూయ మూలమన్నమాట.

ఆ కథ లోపలా ఇదే వరస. కుంతికి కొడుకు పుట్టాడని విని గాంధారి తన కడుపు మీద కొట్టుకుంది. అలా జారిన పిండం నుంచే కౌరవులు పుట్టారు. ధర్మరాజు చేసిన రాజసూయంలో రాజులు తెచ్చిన కానుకలను అందుకునే పని దుర్యోధనుడికి అప్పగించారు. దాయాది సంపదను తన చేతులతోనే మోసి లెక్కపెట్టవలసి వచ్చింది. రంగస్థలం, సినిమా మయసభ పరాభవాన్నే పెద్దది చేశాయి కానీ, అతణ్ణి లోలోపల తినేసింది ఈ పనే అనడం న్యాయం. హస్తినకు తిరిగి వచ్చాక తండ్రి ముందు ఆ కానుకలన్నీ ఏకరువు పెట్టి, ధర్మరాజు సిరిని చూసి తట్టుకోలేకపోతున్నానని దాచకుండా చెప్పుకున్నాడు. జూదం ఆ తర్వాతి మాట.

సత్యభామ దగ్గరికి వచ్చేసరికి తెలుగు కథ తీరే మారిపోతుంది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన పారిజాతాపహరణంలో నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇస్తాడు. ఆ కబురు చెలికత్తె మోసుకొస్తుంది. సత్యభామ అలక, కృష్ణుడు కాళ్లమీద పడటం, ఆమె ఎడమకాలితో తన్నడం, చివరికి ఇంద్రునితో పోరాడి చెట్టునే తెచ్చి ఆమె పెరట్లో నాటడం తెలుగువారికి కొట్టినపిండి. ఇక్కడ ఈర్ష్య వెనుక ప్రేమ ఉంది కనుక కవి దాన్ని శిక్షించలేదు, ముద్దు చేశాడు. సిద్ధేంద్రయోగి పేర చెప్పే భామాకలాపం ఇదే సత్యభామను కూచిపూడి ఆటకు ప్రాణం చేసింది. వేదాంతం సత్యనారాయణశర్మ వంటి పురుషులు ఆ వేషంతోనే పేరు పొందారు. 1966లో వచ్చిన ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో జమున ఆ పాత్రను ఇంటింటికీ చేర్చారు.

నీతికథల్లో ఇంత దయ కనబడదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) మిత్రభేదంలో దమనకుడనే నక్క సంజీవకమనే ఎద్దును తానే సింహం దగ్గరికి తీసుకువస్తుంది. వారి స్నేహం ముదిరి తన మాట చెల్లని రోజు వచ్చాక, ఆ ఎద్దునే చంపిస్తుంది. కొలువుల్లో, ఆఫీసుల్లో పనిచేసినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

జానపదుల కథ మరోలా ఉంటుంది. బతుకమ్మ పుట్టుక గురించి తెలంగాణలో చెప్పుకునే కథనాల్లో ఒకటి వదినామరదళ్లది. ఇద్దరూ చెరువుకు స్నానానికి వెళ్తారు. ఒడ్డున విప్పిపెట్టిన చీరలు కలిసిపోయి ఒకరి చీర మరొకరు కడతారు. ఆ తగవులో వదిన మరదలిని చంపి గట్టున పాతిపెడుతుంది. అక్కడ తంగేడు మొలుస్తుంది. చెల్లెలు అన్న కలలోకి వచ్చి జరిగింది చెబుతుంది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథలో హిమధవళను (స్నో వైట్‌ను) చంపబోయిన రాణికి అద్దం ఉంది, విషపు పండు ఉంది. ఇక్కడ ఉన్నది ఒక చీర. హైదరాబాదు బర్కత్‌పుర, చిక్కడపల్లి గల్లీల్లో పండుగ మొదలయ్యే ఎంగిలిపూల నాటి నుంచి ముగిసే సద్దుల దాకా ఆడవాళ్లు పేర్చే బతుకమ్మలో ఆ తంగేడుకు తప్పకుండా చోటు ఉంటుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు (1925–2010) జానపద గేయాలపై చేసిన పరిశోధన ఇలాంటి సాహిత్యానికి పండితుల మధ్య గౌరవం తెచ్చింది. అయినా ఈ కథలు ఊరికో రకంగా ఉంటాయి, చెప్పేవారితోనే పోతున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసిన కథనాన్ని, వారి ఊరి పేరుతో సహా, ఈ బతుకమ్మ పండుగకే రాసిపెట్టుకోండి.