ఆఖరి బెంచీలో పదకొండేళ్లు

శ్రీశైలమంటే అందరికీ మల్లన్న గుడి. మాకు సుండిపెంట. డ్యాం పనికని వచ్చిన నాన్న ప్రాజెక్టు కాలనీలోనే స్థిరపడిపోయారు. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదీ పూజకు వెళ్లాల్సిందే.

2004లో నాకు కోర్టులో విడాకులొచ్చాయి. 2001లో చట్టం మారబట్టి సరిపోయింది. 1869 నాటి పాత చట్టంలోనైతే భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. భార్యకు అది చాలదు, దానికి క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో తోడవ్వాలి. ఎంత న్యాయమో చూడండి!

ఆ తర్వాతి ఆదివారం పక్కనావిడ చెవిలో చెప్పింది: "నువ్వింక సత్ప్రసాదానికి పోగూడదంట కదమ్మా." అంతే, ఆఖరి బెంచీకి వెళ్లిపోయాను. మా అమ్మాయి మొదటి సత్ప్రసాదం రోజున తెల్లగౌను తొడిగి, పూలు పెట్టి పంపించి, నేను మాత్రం లేవలేదు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

2015లో కొత్తగా వచ్చిన ఫాదర్ అడిగారు: "మళ్లీ పెళ్లి చేసుకున్నావామ్మా?"

"లేదు ఫాదర్."

"మరెందుకు కూర్చుండిపోతున్నావ్?"

విడాకులు తీసుకున్నంత మాత్రాన సత్ప్రసాదానికి అడ్డు లేదట! అందరిలాగే పాపసంకీర్తనం చేసి తీసుకోవచ్చు. చిక్కంతా మొదటి భర్త బతికుండగా మళ్లీ పెళ్లి చేసుకుంటేనే. శ్రీసభ లెక్కలో కోర్టు విడాకులతో పెళ్లిబంధం తెగదు. మళ్లీ గుళ్లో పెళ్లి కావాలంటే, బలవంతమో మోసమో జరిగి మొదటి పెళ్లి మొదట్నుంచీ చెల్లలేదని మేత్రాసన న్యాయపీఠం తేల్చాలి. అలా తేల్చినా పిల్లలు అక్రమ సంతానం అయిపోరు. తల్లులు ముందు భయపడేది దానికే కదా! 2015లోనే పోప్ ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని తేలిక చేశారు. అదివరకు రెండు న్యాయపీఠాలు ఒకే మాట చెప్పాలి, ఇప్పుడు ఒక తీర్పు చాలు. వీలైనంతవరకు ఖర్చు లేకుండా చేయమన్నారు కూడా. కానీ ఆ తీర్పు కాగితం ప్రభుత్వ చట్టం ముందు చెల్లదు. 2017లో సుప్రీంకోర్టు ఆ సంగతి మళ్లీ చెప్పింది. కోర్టు విడాకులు వేరు, అది వేరు.

మరి ఇప్పటికే రెండో పెళ్లి చేసుకున్నవాళ్లో? వాళ్లు వెలివేయబడ్డవాళ్లు కారని 2016లో పోప్ రాశారు. గురువుతో కూర్చుని ఒక్కొక్కరి పరిస్థితీ విడిగా చూసుకోమన్నారు. కొందరి విషయంలో సత్ప్రసాదపు ఆసరా కూడా ఉండొచ్చన్నారు. దీనిమీద పీఠాధిపతుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

ఆ వచ్చే ఆదివారం నేను లేచాను. వరసలో ముందున్న మా అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, నేను వచ్చేదాకా అక్కడే నిలబడింది.