సెకండ్ లేబుల్ వైన్: డబ్బులు పేరుకా, రుచికా?

ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు దాటినవాళ్లకి మాత్రమే. తెలంగాణలో చట్టం చెప్పే వయసు అదే.

హైటెక్ సిటీలో ఎవరైనా ఆన్‌సైట్ నుంచి వస్తున్నారంటే "ఒక బాటిల్ తీసుకురా బ్రో" అని మెసేజ్ వెళ్లిపోతుంది. సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లే. అంటే 750 ఎం.ఎల్. సీసాలు రెండు. అందులో ఒకటి పెద్ద వైనరీ వాళ్ల సెకండ్ లేబుల్ అయితే, తెప్పించుకోవచ్చా? ఇవాళ టేబుల్ మీద ఉన్నది అలాంటిదే, ఓపస్ వన్ వాళ్ల ఓవర్చర్.

ఓపస్ వన్ అంటే కాలిఫోర్నియా నాపా వ్యాలీలో రాబర్ట్ మొండావి, ఫ్రాన్స్‌కి చెందిన బారన్ ఫిలిప్ ద రాత్‌షీల్డ్ కలిసి పెట్టిన వైనరీ. వాళ్ల మొదటి వైన్ 1979 పంటది.

మరి సెకండ్ లేబుల్ అంటే ఏంటి? తోటలో ఒక్కో ప్లాట్ ద్రాక్షని విడిగా పులియబెట్టి, విడిగా పీపాల్లో ఉంచుతారు. తర్వాత రుచి చూసి, మెయిన్ వైన్‌లోకి ఏవి వెళ్లాలో తేలుస్తారు. మిగిలినవి పాడైనవి కావు. ఆ స్టైల్‌కి కుదరలేదు, లేదా తీగలు ఇంకా లేతవి, అంతే. మెయిన్ బ్రాంచ్‌లో మెర్జ్ కాని కోడంతా చెత్త కాదు కదా! ఈ పద్ధతి ఫ్రాన్స్‌లోని బోర్డోలో పాతదే. షాతో మార్గో వాళ్ల పావియోన్ రూజ్ పేరు 1908 నుంచి ఉంది.

ఓవర్చర్‌లో కాబర్నే సావిన్యాన్, మెర్లో లాంటి బోర్డో ద్రాక్షలే ఉంటాయి. వేర్వేరు ఏళ్ల వైన్లు కలిపేవాళ్లు కాబట్టి చాలాకాలం సీసా మీద సంవత్సరం ఉండేది కాదు. నా సీసా కూడా అలాంటిదే.

టేస్ట్ చేసేముందు ఒక మాట. రెడ్ వైన్‌ని "రూమ్ టెంపరేచర్"లో తాగాలంటారు. అది హైదరాబాద్ రూమ్ కాదు! 30 డిగ్రీల్లో ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలీదు. కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి 16-18 డిగ్రీలకి తెచ్చుకోండి.

రంగు నేరేడు పండే. వాసనలో కూడా నేరేడు, దాని వెనకాల పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే చెక్క వాసన. ఇక రుచి. లేత జామకాయ కొరికితే నాలుక పట్టేసినట్టు ఉంటుంది చూడండి, ఆ వగరే టానిన్. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వస్తుంది. ఇందులో వగరు ఉంది కానీ మెత్తగా ఉంది. మింగాక రుచి ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టండి. నాకు ఇక్కడే కొంచెం తగ్గింది. మొదలు బాగుంది, చివర త్వరగా వెళ్లిపోయింది.

మరి ధర? మెయిన్ బాటిల్‌లో సగం కన్నా తక్కువ. "అయితే చవకే కదా" అనుకుంటే అక్కడే దొరికిపోతాం. పోల్చాల్సింది ఓపస్ వన్‌తో కాదు, అదే డబ్బుకి వచ్చే వేరే వైన్లతో. సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టి, నంబర్లు వేసి, పేరు తెలీకుండా తాగి చూడండి. పక్కన ఒక ఇండియన్ కాబర్నే కూడా పెట్టండి. గ్రాన్యూల్స్ ఇండియా పెట్టిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది హంపీ కొండల్లో క్రిస్మా అని వైనరీ ఉంది. వాళ్లదీ ట్రై చేయొచ్చు.

నా తీర్పు: ఎవరైనా గిఫ్ట్ ఇస్తే హ్యాపీగా తీసుకోండి. సొంత జీతంతో అయితే, పేరు కనపడకుండా తాగినప్పుడు కూడా నచ్చితేనే కొనండి.

తాగాక బండి మాత్రం తీయొద్దు. 100 ఎం.ఎల్. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. క్యాబ్ బుక్ చేసుకోండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!