కుక్కకు పెట్టే ముందు పిల్లలకు చెప్పాల్సినవి

పుట్టినరోజు నాడు తరగతిలో చాక్లెట్లు పంచిన పిల్లవాడు, మిగిలిన రెండూ ఇంటికి తీసుకెళ్లి పెంపుడు కుక్కకు పెడతాడు. ప్రేమతోనే పెడతాడు. కానీ అది దాని ప్రాణం మీదకు తేవచ్చు. అందుకే మేము ఈ విషయాన్ని పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో చెబుతున్నాం. ఇంట్లో పెద్దలు కూడా చెబితే పిల్లలకు బాగా గుర్తుంటుంది.

పెట్టకూడనివి

చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి తొందరగా బయటకు పోదు. నల్ల చాక్లెట్ అయితే ముప్పు మరీ ఎక్కువ. ద్రాక్ష, పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. కాబట్టి మిగిలిన కూర, సాంబారు కలిపిన అన్నం పెట్టవద్దు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

మన పిల్లలు ఇంట్లో ఒక పేరు, బజారులో మరో పేరు వింటారు. ఉల్లిపాయ బళ్లారి బజారులో ఈరుళ్లి, హోసూరులో వెంగాయం, సోలాపూర్‌లో కాందా. చార్టు మీద బొమ్మలు గీయించి, కింద రెండు భాషల్లోనూ పేర్లు రాయిస్తే భాషా పాఠం కూడా అయిపోతుంది.

ఏది, ఎంత?

క్యారెట్, కీర దోస ముక్కలు, గింజలు తీసిన ఆపిల్, ఉప్పు కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం కొద్దిగా పెట్టవచ్చు. చిరుతిండి రోజు మొత్తం ఆహారంలో పదో వంతు దాటకూడదు. అయిదు కిలోల చిన్న కుక్కకు రోజుకు సుమారు 350 కేలరీలు చాలు. అందులో పదో వంతు 35. ఒక్క మారీ బిస్కెట్‌లోనే 25 దాకా ఉంటాయి. అంటే రెండో బిస్కెట్‌తోనే లెక్క దాటిపోతుంది. అయిదో తరగతి పిల్లలకు శాతాల లెక్కగా ఇదే ఇవ్వవచ్చు.

చేయి జాగ్రత్త

ఇతరుల కుక్కకు యజమానిని అడగకుండా ఏమీ పెట్టకూడదు. తింటున్న కుక్క దగ్గరకు, పిల్లలకు పాలిస్తున్న కుక్క దగ్గరకు వెళ్లకూడదు. ముక్కను వేళ్లతో పట్టుకుని ఊరించకుండా గిన్నెలో వేయాలి. వీధికుక్కకు చేత్తో అందించనే కూడదు. పెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కరిచినా, గోరు గీరినా, అది పెంపుడు కుక్కే అయినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసుపు, కారం, సున్నం పూయవద్దు. తిడతారన్న భయంతో పిల్లలు దాచిపెడతారు. దాస్తే రేబిస్ టీకా ఆలస్యమవుతుంది. కాబట్టి ‘చెబితే తిట్టం’ అని పిల్లలకు ముందే మాటివ్వండి.

కుక్క తినకూడనిది తింటే వాంతులు, వణుకు మొదలయ్యేదాకా ఆగవద్దు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నమూ చేయవద్దు. తిన్నదాని రేపర్ తీసుకుని, ఎంత తిన్నదీ, ఎప్పుడు తిన్నదీ పశువైద్యునికి చెప్పాలి. దగ్గరలోని పశువుల ఆసుపత్రి ఫోన్ నంబరు పిల్లల డైరీ చివరి పేజీలో రాసిపెట్టండి.