సరళవనముల పునర్జన్మము

పంట యెంత తక్కువైనను విత్తనపు వడ్లను దంపుటకు తీయని యిల్లాలికి, హిమాలయపు అటవీశాస్త్రజ్ఞుల పద్ధతి క్రొత్తగా తోచదు.

కుమావూను, గఢ్వాలు కొండలలో సుమారు 3,000 మొదలు 6,000 అడుగుల యెత్తువరకు సరళవృక్షములు దట్టముగా పెరుగును. కాళిదాసు కుమారసంభవమున ఏనుగులు ఒరసికొనగా పాలుకారి పరిమళించిన చెట్లివియే. అచ్చటివారు వీనిని ‘చీడు’ అందురు. కలపకై అడవిని కొట్టునపుడు ఎకరమునకు అయిదారు మేలైన చెట్లను విత్తనమునకై విడిచిపెట్టుదురు. ఇవి తల్లిచెట్లు. తక్కినవానిని తీసివేయుట ధనాశచేత మాత్రమే కాదు. ఈ జాతి మొక్కకు ఎండ కావలయును. వినుటకు కటువుగా నున్నను, తల్లినీడలో అది యెదుగదు.

కాయ పండుటకు రెండేండ్లు పట్టును. చైత్రవైశాఖముల యెండకు కాయలు విచ్చి, రెక్కగల గింజలు గాలిలో తేలిపోయి, వానలకు మొలకెత్తును. అయితే గింజకు మన్ను తగులవలయును. సూదులవంటి ఆకు రాలి మందముగా పరచుకొన్నచోట మొలక నిలువదు. ఆ యాకును ‘పిరూల్’ అని, కొండస్త్రీలు ఊడ్చి మోపులు గట్టి, పశువులకొట్టములలో పరచి, పేడతో కలిపి యెరువు చేయుదురు. కొట్టమునకై చేసిన పని విత్తనమునకును చోటిచ్చుచున్నది! వేసవిలో నిప్పురవ్వ కంటుకొనునదియు ఆ యాకే. పసిమొక్క పైన మాడినను మొదలినుండి మరల చిగిర్పగలదు గాని, ఏటేట నిప్పు పడినచో, పశువులు త్రొక్కినచో బ్రతుకదు.

అందుచేత మొక్కలు తలయెత్తువరకు అడవిని కొన్నియేండ్లు మూసియుంచుదురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. గడ్డియు కట్టెలును మోసితెచ్చునది ఆ యింటి కోడలు. చేరువకొండ మూసినచో ఆమె దూరపుకొండ యెక్కవలసినదే గదా! 1911 మొదలు 1917 వరకు ప్రభుత్వము కుమావూను అడవులలో విస్తారభాగమును తన యధీనము చేసికొని, మేపుటను, గడ్డికై నిప్పుపెట్టుటను కట్టడిచేసెను. 1921 వేసవిలో ఆ సరళవనములు తగులబడెను. పెక్కుచోట్ల ప్రజలే నిప్పుపెట్టిరి. తుదకు 1931లో, గ్రామస్థులే తమ యడవిని కాచుకొనుటకు వనపంచాయతుల నిబంధనలు వచ్చినవి. వానియందును మోపుమోయువారి మాట చెల్లుటకు చాలకాలము పట్టినది.

1981లో వేయిమీటరులకు పైనున్న ఆ కొండలలో పచ్చనిచెట్లను వ్యాపారమునకై కొట్టుట నిషేధింపబడెను. అయినను సరళము వ్యాపించుచునేయున్నది. తెరపి దొరకినచోట, నిప్పు తిరిగినచోట, అది ‘బాంజు’ అను ఓకుచెట్ల స్థానమును గూడ ఆక్రమించును. బాంజు ఆకు పశువులకు మేత. దానిక్రింద నేల చెమ్మగా నుండును. సరళపుటాకును పశువు ముట్టదు. కావున అడవి మరల మొలచినదన్న వార్త అధికారికి తృప్తినిచ్చినంతగా పాడిగల యింటికి ఇయ్యదు.

పౌడీ గఢ్వాలులోని దూధాతోలి ప్రాంతపు స్త్రీలు తమ యడవిని తామే వంతులవారిగా కాచుచు వచ్చిరి. కావలిపోవు నామె చేత మువ్వలు గట్టిన కఱ్ఱ యుండును. దానిని ‘ఖంఖర్’ అందురు. సాయంకాలము ఇల్లు చేరునపుడు ఆమె దానిని పొరుగింటి వాకిట నుంచును. మరునాడు ఆ యింటియామె దానిని తీసికొని అడవికి పోవును.